నేర్చుకుంటే ఏమొస్తుంది?

తెలుగులో దేన్నైనా కొట్టిపారేయడానికి ఒక్క మాట చాలు: పనికిరాదు. విరిగిన కుర్చీ, పాత డిగ్రీ, పక్కింటి కుర్రాడు, దేనికైనా ఇదే మాట వాడతాం. ఎవరి పనికి, ఏ పనికి అని చెప్పక్కర్లేదు కాబట్టి ఈ మాటతో వాదించడం కష్టం. నేను ఈ మధ్య ఈ మాట తరచుగా వింటున్నాను. కారణం, ఎవరూ వాడని ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ని రెండేళ్లుగా నేర్చుకుంటూ ఉండటం. దాని పేరు ప్లాన్ 9.

వారంలో మూడు సాయంత్రాలు, ఒక పాత లాప్‌టాప్. దీనివల్ల నా జీతం రూపాయి పెరగలేదు, రెజ్యూమెలో రాసినా ఎవరూ అడగలేదు. అందులో యూట్యూబ్ రాదు. బ్యాంకు సైటు తెరిచేంత బ్రౌజర్ కూడా లేదు. నాతో పనిచేసే ఇంజనీర్లలో దాని పేరు విన్నవాళ్లు ఐదుగురు ఉంటే ఎక్కువ. ఇలాంటిది నేర్చుకోవడం సబబేనా? 'నా టైము, నా ఇష్టం' అనేసి తప్పించుకోవచ్చు. కానీ ఇంకొకరికి సలహా ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఆ జవాబు సరిపోదు. అందుకే కాస్త వివరంగా ఆలోచిద్దామనుకుంటున్నాను.

ముందు ఆ వస్తువేమిటో చెప్పాలి. అమెరికాలో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్ యునిక్స్ పుట్టినిల్లు. ఇవాళ మన ఫోన్ల నుంచి సర్వర్ల దాకా దాదాపు అన్నిటిలోనూ యునిక్స్ పోలికలే. 1980ల చివర్లో అదే ల్యాబ్‌లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్, మరికొందరు కలిసి 'మళ్ళీ మొదటినుంచి చేస్తే ఎలా ఉంటుంది' అని మొదలుపెట్టినదే ప్లాన్ 9. యునిక్స్‌ని మొదట తయారుచేసిన ఇద్దరిలో థాంప్సన్ ఒకడు. ప్రపంచంలోకెల్లా చెత్త సినిమా అని పేరుపడ్డ ఒక హాలీవుడ్ సినిమా పేరు చూసి దీనికా పేరు పెట్టారు. 1992లో విశ్వవిద్యాలయాలకు ఇచ్చారు. 1995లో అమ్మి చూశారు. ఆ తర్వాత సోర్సు కోడ్‌తో సహా ఉచితంగా వదిలేశారు. 2021లో దాని హక్కులు ఒక చిన్న ఫౌండేషన్ చేతికి వచ్చాయి.

యునిక్స్‌లో ఒక ఆదర్శం ఉంది: అన్నీ ఫైళ్లే. కానీ ఆచరణలో అది సగం దారిలో ఆగిపోయింది. ప్లాన్ 9 చివరిదాకా వెళ్ళింది. మౌస్ ఒక ఫైలు. తెరమీద కనిపించే కిటికీ ఒక ఫైలు. ఇంకో ఊళ్ళో ఉన్న కంప్యూటర్‌తో మాట్లాడాలంటే ఒక ఫైలు తెరిచి అందులో చిరునామా రాస్తే చాలు. పైగా, నడుస్తున్న ప్రతి ప్రోగ్రామూ ఈ ఫైళ్ల ప్రపంచాన్ని తనకు కావలసినట్టు అమర్చుకోవచ్చు. ఒకే ఇంట్లో ఉంటూ ఎవరికి వాళ్ళు గదుల్ని వేరేలా సర్దుకున్నట్టు. యునిక్స్‌లో అన్నిటి మీదా అధికారం ఉండే 'రూట్' అనే పెద్దమనిషి ఇందులో లేడు.

ఇంత బాగుంటే మరి ఎందుకు నెగ్గలేదు? ఎరిక్ రేమండ్ అనే ప్రోగ్రామర్ చెప్పిన కారణం నాకు నచ్చుతుంది. ఉన్న యునిక్స్‌తో జనానికి పని జరిగిపోతోంది. ఉన్నది సరిపోతున్నప్పుడు అంతకన్నా మంచిది వచ్చినా ఇల్లు మారరు.

ఇక ఎందుకు నేర్చుకోవాలి అన్నదానికి సాధారణంగా వినిపించే జవాబులు చూద్దాం.

మొదటిది, 'ఇవాళ పనికిరానిదే రేపు పనికొస్తుంది' అనేది. దీనికి ప్లాన్ 9ని మించిన ఉదాహరణ దొరకదు. మీరిప్పుడు చదువుతున్న ఈ వ్యాసం మీ తెరమీదికి యుటిఎఫ్-8 అనే పద్ధతిలో వచ్చింది. ప్రపంచంలోని లిపులన్నిటిలో ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగు 1991 నాటి మొదటి కూర్పులోనే ఉంది. కానీ ఆ నంబర్లను ఫైళ్లలో ఎలా దాచాలన్న దగ్గర చిక్కొచ్చింది. అప్పటికున్న పద్ధతుల్లో దాస్తే పాత ఇంగ్లిష్ ఫైళ్లూ, ప్రోగ్రాములూ దెబ్బతినేవి. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక హోటల్లో భోంచేస్తూ థాంప్సన్, పైక్ కొత్త పద్ధతి ఆలోచించారు. కంచం కింద వేసే కాగితం మీదే దాన్ని గీశారు. రెండుమూడు రోజుల్లో ప్లాన్ 9 మొత్తం ఆ పద్ధతిలోకి మారిపోయింది. అదే యుటిఎఫ్-8. ఇందులో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు పడుతుంది, తెలుగులోని ప్రతి అక్షరానికీ ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి. 'తెలుగు' అన్న మాట పద్దెనిమిది బైట్లు. ఒకప్పుడు ఒక్కో తెలుగు పత్రిక సైటు చదవడానికి ఒక్కో ఫాంటు దించుకున్న రోజులు గుర్తున్నవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. ఎవరూ వాడని సిస్టమ్‌లో మొదటిసారి నడిచిన పద్ధతి మీద ఇవాళ దాదాపు వెబ్ అంతా నడుస్తోంది.

చెప్పడానికి చాలా బాగుంటుంది ఈ కథ. నేనూ చాలామందికి చెప్పాను. కానీ నా ప్రశ్నకి ఇది జవాబు కాదు. ప్లాన్ 9ని తయారుచేయడం వృథా కాలేదని ఇది రుజువు చేస్తుంది. దాన్ని ముప్ఫై ఏళ్ల తర్వాత బెంగళూరులో కూర్చుని నేర్చుకోవడం వృథా కాదని చెప్పదు. యుటిఎఫ్-8 వాడటానికి ప్లాన్ 9 తెలియాల్సిన అవసరం ఎవరికీ లేదు. పైగా రేపెప్పుడో పనికొస్తుందని దేన్నైనా సమర్థించవచ్చు, లాటరీ టికెట్‌తో సహా.

రెండో జవాబు, 'దీనివల్ల మంచి ఇంజనీరువవుతావు' అనేది. ఇందులో సగం నిజముంది. ప్రోగ్రాముకో ప్రపంచం అన్న ఆలోచన 2002లో లినక్స్‌లోకి వచ్చింది. ఇవాళ ఆఫీసుల్లో అందరూ వాడే కంటైనర్లకు అదొక పునాది. గో భాషను రూపొందించిన ముగ్గురిలో ఇద్దరు థాంప్సన్, పైక్‌లే. కాబట్టి మూలం తెలిస్తే మంచిదే. కానీ కంటైనర్లు నేర్చుకోవడానికి నేరుగా కంటైనర్ల పుస్తకం చదివితే నెల రోజుల్లో అయిపోతుంది. రెండేళ్లు ఎందుకు?

మూడో జవాబు కాపాడుకోవడం గురించి. ఇక్కడ నాకు పుంగనూరు ఆవు గుర్తొస్తుంది. మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె, పుంగనూరు మాకు పక్క ఊరి కిందే లెక్క. మూడడుగుల ఎత్తు కూడా ఉండని ఈ ఆవు తక్కువ మేతతో, కరువులో కూడా బతుకుతుంది. పాలు తక్కువ, వెన్న ఎక్కువ. మామూలు ఆవుపాలలో మూడు నుంచి ఐదు శాతం వెన్న ఉంటే, దీని పాలలో ఎనిమిది దాకా ఉంటుందంటారు. ఎక్కువ లీటర్లు కావాలని విదేశీ జాతులతో సంకరం చేస్తూ పోయేసరికి అసలు జాతి దాదాపు కనుమరుగైంది. పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రం పట్టుబట్టి కొన్నిటిని నిలబెట్టింది. లీటర్ల లెక్కలో ఓడిపోయిన ఆవు అది. రెండెకరాల మెట్ట, కాస్త గడ్డి ఉన్న ఇంటి లెక్క వేరు. ఎవరి పనికి అన్న ప్రశ్న వేస్తేనే దాని విలువ కనబడుతుంది.

అయితే ఆవుతో పోలిక ఒక హద్దు దాకానే నడుస్తుంది. ఆవు జాతి పోతే మళ్ళీ రాదు. ప్లాన్ 9 ఎక్కడికీ పోదు, సోర్సు అంతా ఎవరైనా దించుకునేలా ఉంది. పోయేది తెలిసిన మనుషులు. కోడ్ చదివి 'ఇది ఇలా ఎందుకుంది' అని చెప్పగలిగేవాళ్లు లేకపోతే అది ఎవరూ చదవలేని శాసనం లాంటిదే. అయినా ఆ పని చేసేవాళ్లు ప్రపంచంలో కొద్దిమంది ఉన్నారు. నేను మానేసినంత మాత్రాన అది ఆగదు.

ఆవు కథలో ఇంకో మలుపు కూడా ఉంది. అరుదైపోయాక పుంగనూరు ఆవు ఫ్యాషనైంది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో వాటికి మేత పెడుతున్న ఫొటోలు దేశమంతా చూసింది. లక్షలు పోసి కొని ఫామ్‌హౌస్‌లో అలంకారంగా పెంచుకునేవాళ్లు ఉన్నారు. పాలు పిండేది లేదు, పేడ ఎత్తేది లేదు. మా రంగంలోనూ ఈ తంతు ఉంది. ఎవరికీ తెలియని సిస్టమ్ పేరు చెప్పి పదిమందిలో ప్రత్యేకంగా కనబడటం, లాప్‌టాప్ మీద దాని స్టిక్కర్. సాహిత్యంలో కూడా దీన్ని చూసే ఉంటారు, చదవని లాటిన్ అమెరికన్ కవుల పేర్ల రూపంలో. నేర్చుకుంటున్నట్టు ఎవరికీ తెలియకపోయినా నేర్చుకుంటామా? అవును అనలేకపోతే మనం పెంచుతున్నది ఫామ్‌హౌస్ ఆవునే.

ఇవన్నీ తీసేశాక నాకు మిగిలిన కారణం ఒకటుంది. దాన్ని చెప్పడానికి కుప్పం వెళ్లాలి.

2002లో హెచ్‌పి కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' అని మూడేళ్ల పథకం మొదలుపెట్టింది. సమాచార కేంద్రాలు పెట్టి కంప్యూటర్లు, ఇంటర్నెట్ తెచ్చారు. స్వయం సహాయక బృందాల మహిళలకు డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో నడిచే ప్రింటర్లు ఇచ్చారు. వాళ్లు ఊళ్ళల్లో ఫొటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇస్తూ డబ్బు సంపాదించారు. కూలికి వెళ్ళే ఇంట్లో అది చిన్న సంగతి కాదు. 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దీని గురించి ఒక వ్యాసం వచ్చింది, రాసిన ఇద్దరిలో ఒకరు హెచ్‌పి అధికారే. దాచిందేమీ లేదు. కొత్త మార్కెట్లను, కొత్త వస్తువులను పరీక్షించుకునే సజీవ ప్రయోగశాలగా కంపెనీ కుప్పాన్ని చూసింది. గడువు అయ్యాక తన దారిన తాను వెళ్ళింది.

హెచ్‌పిని తిట్టడానికి ఈ సంగతి ఎత్తలేదు. అక్కడ పని ఎలా పంచుకున్నారో చూడండి. యంత్రం ఎలా ఉండాలి, ఏం చేయాలి, ఎంతకాలం ఉండాలి అన్నవి ఒకచోట తేలాయి. దాన్ని వాడటం ఇంకోచోట నేర్చుకున్నారు. కుప్పం మహిళ కెమెరా ఎలా వాడాలో నేర్చుకుంది. కెమెరా ఇంకోలా ఉండొచ్చా అని ఆమెని ఎవరూ అడగలేదు.

బెంగళూరు టెక్ పార్కులో కూర్చున్న నా పరిస్థితి ఇంతకన్నా మెరుగని నేననుకోను. నాకు జీతం ఎక్కువ, అంతే. రోజూ వాడే సిస్టమ్, క్లౌడ్, టూల్స్, ఇవన్నీ ఎక్కడో తేలిపోయి నా దగ్గరికి వస్తాయి. నేను వాడటం నేర్చుకుంటాను. రెండేళ్లకి అవి మారతాయి, మళ్ళీ వాడటం నేర్చుకుంటాను. 'ఇది ఇలా ఎందుకుంది?' అని కొత్తగా చేరినవాళ్లు అడిగితే, 'అది అంతేలే, అలవాటైపోతుంది' అంటాం. ఈ 'అంతే' అన్న మాటలో ఒకరు తీసుకున్న నిర్ణయం ఎండావానల్లాగా ప్రకృతి అయిపోతుంది.

ప్లాన్ 9 నాకు చేసిన మేలు ఈ 'అంతే'ని పాడుచేయడం. సర్వాధికారి లేకుండా సిస్టమ్ నడుస్తుందని చూశాక, రూట్ అన్నది ఒకరి నిర్ణయమని తెలిసింది. నెట్‌వర్క్ కూడా ఫైలే కావచ్చని చేతులారా చేశాక, అది వేరేగా ఉండటం కూడా ఒకరి నిర్ణయమేనని తెలిసింది. ఆ నిర్ణయాలు తప్పని నేననను. చాలావాటికి మంచి కారణాలున్నాయి. కానీ కారణాలున్నాయని తెలియడానికి కూడా ముందు అవి నిర్ణయాలని తెలియాలి.

కుప్పంలో పెరిగిన పిల్లలకి ఇది భాషలో తేలిగ్గా దొరుకుతుంది. అటు తమిళం, ఇటు కన్నడం, మధ్యలో మనం. తెలుగులో ఇల్లు, కన్నడంలో మనె, తమిళంలో వీడు. మనకేమో 'వీడు' అంటే ఎదురుగా ఉన్న మనిషి! ఒక్క భాషే తెలిసినవాడికి ఇంటికి ఇల్లనే పేరు సహజంగా అనిపిస్తుంది. ఇంకోటి చెవిన పడ్డాక పేరు వేరు, ఇల్లు వేరు అని తెలుస్తుంది. ఆ రెండో భాషని ఎంతమంది మాట్లాడతారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

మరి అంత అరుదైనదే ఎందుకు, విండోస్ వాడేవాడు లినక్స్ నేర్చుకుంటే చాలదా? చాలామందికి చాలు. అయితే లినక్స్ కెర్నెల్ కోట్ల లైన్లు, ఏ ఒక్క మనిషీ మొత్తం చదవలేడు. ప్లాన్ 9 కెర్నెల్ చిన్నది, ఓపికుంటే ఒక మనిషి సాయంత్రాల్లో చదవగలిగినంత. అట్టడుగు దాకా వెళ్ళి కాలు ఆన్చి రావడం ఉద్యోగంలో ఎప్పుడూ దొరకదు. మా పల్లెలో బావిలో ఈత నేర్చుకున్నవాళ్లకి ఆ తేడా తెలుస్తుంది.

ఇక్కడితో ఆపేస్తే ఇది కడుపు నిండినవాడి వ్యాసం అవుతుంది. మా చిన్నాయన కొడుకు మదనపల్లెలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. పోయిన పండగకి నా లాప్‌టాప్ చూసి, 'అన్నా, దీంతో ఉద్యోగమొస్తాదా?' అన్నాడు. రాదన్నాను. 'మరి నేర్చుకుంటే ఏమొస్తాదన్నా?' అన్నాడు. వాడు వెటకారంగా అనలేదు. వాడి గంటలకి ఖరీదుంది. చిన్నాయనకి ఉన్నది రెండెకరాల టమోటా. బ్యాంకు లోను వాడి పేరు మీదే ఉంది.

జిడ్డు కృష్ణమూర్తి మదనపల్లెలోనే పుట్టారు, 1895లో. ఏదో సాధించడానికి కాకుండా నేర్చుకోవడం గురించి ఆయన జీవితమంతా మాట్లాడారు. ఆ మాటలంటే నాకు గౌరవం. అయితే లండన్ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష ఆయన ఒకటికి రెండుసార్లు తప్పినా, తిండికి వెతుక్కోవాల్సిన పని పడలేదు. దివ్యజ్ఞాన సమాజం ఆయన్ని చూసుకుంది. మా తమ్ముడు తప్పితే చూసుకునే సమాజం ఏదీ లేదు.

ఇంకోవైపు, 'పనికొచ్చే చదువు' అనుకునేది కూడా అంత భద్రం కాదు. మదనపల్లె మార్కెట్టే దీనికి సాక్ష్యం. 2023 జూలై ఆఖర్లో అక్కడ కిలో టమోటా రెండువందలకి దగ్గరగా వెళ్ళింది. ధర పెరిగినప్పుడల్లా అందరూ టమోటా పెడతారు, పంట అంతా ఒకేసారి వస్తుంది, కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లు అందరికీ గుర్తే. కోర్సులూ అంతే. నిరుడు ఉద్యోగాలు తెచ్చిన కోర్సు పేరే ఈ ఏడు ప్రతి కోచింగ్ సెంటర్ బోర్డు మీదా ఉంటుంది. కానీ చిన్నాయన టమోటా మానేసి పుంగనూరు ఆవుని కొనుక్కోవాలని దీన్నిబట్టి నేను చెప్పలేను. ధర పడిపోయినా టమోటాకి మార్కెట్ ఉంది.

వాడికి ప్లాన్ 9 నేర్చుకొమ్మని చెప్తే వాడి డబ్బుతో నా సరదా తీర్చుకున్నట్టు. 'నీకెందుకురా ఇవన్నీ, జావా చూసుకో' అంటే అది ఇంకో రకం అన్యాయం. యంత్రం ఎలా ఉండాలో ఆలోచించేవాళ్లు వేరే ఉన్నారు, నువ్వు వాడటం నేర్చుకో అని కుప్పంలో జరిగినదే ఇంట్లో నేనూ చేసినట్టు. ఈ రెంటి మధ్యా నాకు కనబడిన దారి ఒకటే, ఖరీదు సరిగ్గా చెప్పడం. ఉద్యోగం రాదు. పూర్తిగా అర్థం కావడానికి ఏడాది పైన పడుతుంది. ప్లేస్‌మెంట్లు అయ్యేదాకా ముట్టుకోనక్కర్లేదు. అప్పటిదాకా ఆత్రం ఆగకపోతే ఎమ్‌ఐటి వాళ్లు పాఠాల కోసం రాసిన ఎక్స్‌వి6 అని ఇంకా చిన్న సిస్టమ్ ఉంది, సెలవుల్లో చదవొచ్చు, మీ సిలబస్‌కి కూడా దగ్గరే. ఇవన్నీ చెప్పి, ఫైల్లో చిరునామా రాసి ఇంకో కంప్యూటర్‌ని పలకరించడం ఒకసారి చూపించాను. 'ఇంతేనా!' అన్నాడు. మళ్ళీ జావాలోకి వెళ్ళిపోయాడు. వెళ్ళాలి కూడా. ఆ పది నిమిషాలు వాడికేమైనా ఇచ్చాయని చెప్పడానికి నా దగ్గర ఆధారం ఏమీ లేదు.

కాబట్టి నా మటుకు తేలింది ఇది. ఇలాంటి చదువు ఎవరి గంటలతో సాగుతోందో ముందు చూసుకోవాలి. నా గంటలతోనైతే, ఇంట్లోవాళ్ల గంటలు వాటిలో కలిసి లేకపోతే, సబబే. ఎవరికీ చెప్పకుండా కూడా చేయగలిగేలా ఉండాలి. అడుగు అందేంత చిన్నదై ఉండాలి. ఈ మూడూ కుదిరితే అది ప్లాన్ 9 కావచ్చు, శాసనాల లిపి కావచ్చు, గొట్టాల రేడియో కావచ్చు. ఉద్యోగం లేని కుర్రాడికి మాత్రం ఇది ధర్మోపన్యాసంగా చెప్పకూడదు. బోర్డు మీద ధర రాసి, తలుపు తీసి ఉంచితే చాలు.

చివరిగా ఒక చిన్న విచిత్రం. యుటిఎఫ్-8 పుట్టిన ప్లాన్ 9లో తెలుగు సరిగ్గా కనబడదు. అక్షరాల నంబర్లు భద్రంగా దాస్తుంది, పంపిస్తుంది. తెరమీద చూపించేటప్పుడు మాత్రం ఒక్కో నంబరుకి ఒక్కో బొమ్మ చొప్పున వరసగా పేర్చుకుంటూ పోతుంది. తలకట్టు తీసి ఏత్వం పెట్టడం, ఒత్తుని కిందికి దించడం దానికి తెలీదు. దాన్ని తయారుచేసినవాళ్ల కళ్ల ముందు ఈ లిపి లేదు, అది కూడా ఒక నిర్ణయమే. దాన్ని మార్చడానికి కావలసిన కోడ్ మొత్తం నా ఎదురుగా ఉంది, చదవగలిగినంత చిన్నగా. ఇప్పుడు నా శనివారాలు దానికే పోతున్నాయి. గుణింతాలు సగం కుదిరాయి, ఒత్తులు ఇంకా రాలేదు.